సంగటి హోటల్‌కు పోయేవాళ్లకు

1. పన్నెండు కొట్టకముందే పో. అనంతపురం సందుల్లో మొగుడూ పెళ్లాం నడుపుకునే చిన్న హోటళ్లలో పొద్దున వండేది ఒక్క డేగిసా సంగటి. అది అయిపోతే ఆ పూటకు అంతే.

2. "ఈపొద్దు ఏముందక్కా?" అని అడుగు. పుంటికూర పప్పు ఉందంటే అదే తిను. సంతలో ఆ రోజు చవగ్గా దొరికిందే వండుతారు కాబట్టే కూలికి పోయేవాడి జేబుకు అందే ధరలో పెట్టగలుగుతున్నారు. పది రకాలు అడిగితే ఆ ధర నిలవదు.

3. వీలైతే వంట దగ్గర కాసేపు నిలబడు. నూకలు మెత్తగా ఉడికాక రాగిపిండి కుప్పగా పోసి, కలపకుండా మూతపెట్టి సన్నమంట మీద మగ్గనిస్తారు. ఆ తర్వాత డేగిసా కిందికి దించి, కదలకుండా పట్టుకుని, కట్టెతో గెలుకుతారు. ఉండలు కట్టకుండా గెలకాలంటే రెక్కల్లో బలం ఉండాలి. ఆ అమ్మ నుదుటి మీద చెమట చూసినవాడు ధర దగ్గర బేరమాడలేడు. తడిచేత్తో చేసిన ముద్ద పొగలు కక్కుతున్నప్పుడే తినాలి, ఆరితే గట్టిపడుతుంది. చిన్న తునక తుంచి, కూరలో అద్ది, నమలకుండా మింగు.

4. హోటల్ మంచీచెడ్డా ఊరుబిండి పచ్చడి చెబుతుంది. వేయించిన చెనక్కాయ విత్తనాలు, మిరపకాయలు, చింతపండు, ఉల్లిగడ్డ. రోట్లో నూరితే పలుకు పంటికి తగులుతుంది. ఎర్రనేలలో వానకోసం ఆకాశం చూస్తూ మనోళ్లు పండించే పంట చెనక్కాయ. విస్తట్లో వదిలేయొద్దు.

5. పొద్దున పూట బొరుగుల ఉగ్గాని, మిరపకాయ బజ్జీ. వేడిగా ఉన్నప్పుడే తినెయ్.

6. సంగటి పేదోళ్ల కూడని చిన్నచూపు చూడొద్దు. మా చిన్నప్పుడు రాగి, కొర్ర, జొన్నే ఇంటి తిండి. తర్వాత ఆ చేన్లను చెనక్కాయ ఆక్రమించింది. 1983లో ఎన్టీఆర్ ప్రభుత్వం కిలో 2 రూపాయల బియ్యం ఇచ్చాక గుడిసెలో కూడా తెల్లన్నం ఉడికింది. ఆకలి తీర్చిన బియ్యాన్ని నేను తప్పుపట్టను. కానీ ఇళ్లల్లో తగ్గిన సంగటిని ఈ చిన్న హోటళ్లు బతికించాయి. 2023ను ఐక్యరాజ్యసమితి చిరుధాన్యాల సంవత్సరంగా ప్రకటించే నాటికి వీళ్ల పొయ్యి ఆరలేదు, అదే నాకు గొప్ప.

7. చేతిలో ఎక్కువ డబ్బు లేని రోజు ప్రభుత్వ అన్న క్యాంటీన్‌లో 5 రూపాయలకే భోజనం. మొగమాటం అక్కర్లేదు.

8. ఇంటి తిండి మీద మనసు ఏ దేశంవాడికైనా ఒకటే. జపాన్‌లో షోకుడో అనే చిన్న భోజనశాలల్లో అన్నం, మిసో సూపు, ఊరగాయ, ఒక కూర చవగ్గా పెడతారు. మన వైపు కూడా పెనుకొండ దగ్గర కియా కార్ల ఫ్యాక్టరీ వచ్చాక ఆ చుట్టుపక్కల కొరియా భోజన హోటళ్లు వెలిశాయి. అక్కడ తినే కొరియావాళ్లను వింతగా చూడొద్దు. పని కోసం బెంగళూరు పోయిన మన పిల్లలూ అక్కడ సంగటి ఎక్కడ దొరుకుతుందా అనే వెతుకుతారు.

9. అప్పు పెట్టొద్దు. సాయంత్రం వచ్చిన డబ్బుతోనే వాళ్లు రేపటి పప్పు, నూనె కొనాలి.