బుస కొట్టని ఫ్లాంజర్

మా ఊరి పేరు నగరం. పేరులో తప్ప నగరం ఇంకెక్కడా కనిపించదు, రేపల్లె దగ్గర చిన్న మండల కేంద్రం. పోయిన క్రిస్మస్ ముందు రోజు రాత్రి అక్కడి చర్చిలో నేను బేస్ గిటార్ వాయించాను. పాట బాగానే వెళ్ళింది. పాట అయ్యాక పాస్టరుగారు "ఒక్క నిమిషం మౌనంగా ప్రార్థన చేసుకుందాం" అన్నారు. అందరూ తలలు వంచారు. అప్పుడు వినిపించింది నా ఫ్లాంజర్ పెడల్. "స్స్స్... శూ... స్స్స్" అని లేస్తూ తగ్గుతూ, బుట్టలో పాము బుస కొట్టినట్టు. ఆపేద్దామని కాలితో తొక్కితే "టక్" మని ఇంకో చప్పుడు. ముందు వరసలో అమ్మ తల వంచుకునే ఉంది కానీ, కళ్ళు మాత్రం ఎత్తి నా వైపు చూసింది.

ఆ పెడల్ నేను పక్క వీధి పిల్లలకి ఆరు నెలలు మ్యాథ్స్ ట్యూషన్ చెప్పి కొనుక్కున్నది. ఇంటికొచ్చి ఏడుపు మొహం పెట్టుకుని కూర్చుంటే మావయ్య అడిగాడు. ఆయన ఒకప్పుడు తెనాలి, రేపల్లె వైపు ఆర్కెస్ట్రాల్లో బేస్ వాయించేవాడు, నా చేతిలో ఉన్నది ఆయన గిటారే. "నువ్వు వాయించేటప్పుడు అదెలా పలుకుతుందో విని కొన్నావు. మరి వాయించనప్పుడు ఎలా ఉంటుందో విన్నావా అమ్మాయ్?"

వినలేదు. యూట్యూబ్ డెమోల్లో ఎవరూ వాయించకుండా కూర్చోరు కదా. ఈ వ్యాసం మొత్తం ఆ ప్రశ్నకి జవాబే.

ముందు ఫ్లాంజర్ అంటే ఏంటో చూద్దాం. ఒక సౌండ్‌కి కాపీ తీసి, ఆ కాపీని కొన్ని మిల్లీసెకన్లు ఆలస్యం చేసి, మళ్ళీ అసలు దానితో కలుపుతారు. ఆ ఆలస్యం మెల్లగా పెరుగుతూ తగ్గుతూ ఉంటుంది. జెట్ విమానం తల మీదుగా పోతున్నట్టు వినిపించే సుడి అక్కడి నుంచే వస్తుంది. టేపుల రోజుల్లో రెండు రికార్డర్లలో ఒకే పాట పెట్టి, ఒకదాని రీలు అంచు మీద వేలు ఆనించి దాన్ని కొంచెం వెనకబడేలా చేసేవాళ్ళు. ఆ అంచు పేరే ఫ్లాంజ్. మన సీఎస్ఈ వాళ్ళకైతే ఒక సర్క్యులర్ క్యూ, వెనకాల నడిచే ఒక రీడ్ పాయింటర్, ఆ పాయింటర్‌ని అటూ ఇటూ ఊపే ఒక సైన్ వేవ్. అంతే. తెలుగులో దీనికి "సుడి" అని పేరు పెడదామనుకున్నా, కానీ షాపుకెళ్ళి "ఒక సుడి ఇవ్వండి" అంటే ఏమిస్తారో తెలీదు.

మరి బుస ఎందుకు? అనలాగ్ పెడల్స్‌లో ఈ ఆలస్యాన్ని తెచ్చేది బకెట్ బ్రిగేడ్ అనే చిప్. 1969లో ఫిలిప్స్ కంపెనీలో శాంగ్‌స్టర్, టీర్ అనే ఇద్దరు దీన్ని కనిపెట్టారు. మన డెల్టా ఊళ్ళలో గడ్డివాము అంటుకుంటే ఏం చేస్తారు? కాలవ నుంచి వాము దాకా జనం వరసగా నిలబడి బిందెలు ఒకరి చేతి నుంచి ఒకరికి అందిస్తారు. ఇదీ అంతే. బిందె బదులు కెపాసిటర్, నీళ్ళ బదులు చార్జ్. చాలా ఫ్లాంజర్లలో వాడే రకం చిప్‌లో ఇలాంటివి 1024 అంచెలు ఉంటాయి. ప్రతి చేతి దగ్గరా నీళ్ళు కొంచెం తొణుకుతాయి కదా, ఆ తొణుకే బుస. ఎంత ఆలస్యం కావాలంటే అందించే వేగం, అంటే క్లాక్, అంత తగ్గించాలి. 1024 అంచెల చిప్‌తో 1 మిల్లీసెకన్ కావాలంటే క్లాక్ 512 కిలోహెర్ట్జ్, 10 మిల్లీసెకన్లకైతే 51.2 మాత్రమే. క్లాక్ తగ్గేకొద్దీ నాయిస్ ఎక్కువ. బుస ఒకే స్థాయిలో ఉండకుండా ఊగుతూ వినిపించేదానికి ఇదొక కారణం. ఫీడ్‌బ్యాక్ నాబ్ పెంచితే ఆ బుస తిరిగి చిప్‌లోకే వెళ్ళి ఇంకా పెద్దదై వస్తుంది. మంచి డిజైన్లలో చిప్‌కి ముందు సిగ్నల్‌ని కుదించి, తర్వాత మళ్ళీ విప్పే సర్క్యూట్ ఉంటుంది, దాన్ని కంపాండర్ అంటారు. వాయించనప్పుడు అది బుసని కూడా అణిచేస్తుంది. డిజిటల్ పెడల్స్‌లో ఈ బిందెల వరసే ఉండదు, అందుకే అవి సాధారణంగా నిశ్శబ్దం.

ఇంతవరకు లీడ్ గిటార్ వాళ్ళకీ వర్తిస్తుంది. బేస్‌కి అసలు చిక్కు వేరే ఉంది. ఇది నేను లెక్క వేసుకునేదాకా నాకూ తట్టలేదు. కాపీ సరిగ్గా సగం తరంగం వెనకబడితే అసలూ కాపీ ఒకదాన్నొకటి కొట్టేసుకుంటాయి. అలా మాయమయ్యే మొదటి ఫ్రీక్వెన్సీ ఎంతంటే, 1ని ఆలస్యానికి రెట్టింపుతో భాగించాలి. 1 మిల్లీసెకన్ దగ్గర 500 హెర్ట్జ్ పోతుంది, బేస్‌కి పెద్ద నష్టం లేదు. 7 దగ్గరికి వచ్చేసరికి డి తీగ (73 హెర్ట్జ్), 9 దగ్గర ఎ తీగ (55 హెర్ట్జ్) అసలు స్వరమే మింగుడుపడుతుంది. పాటకి పునాది లాంటి స్వరం రెండు సెకన్లకోసారి మాయమై మళ్ళీ వస్తుంటే మనం ఏం చేస్తాం? ఆంప్ వాల్యూమ్ పెంచుతాం. దాంతో బుస కూడా పెరుగుతుంది. నేను చేసింది అదే.

కాబట్టి బేస్ కోసం ఫ్లాంజర్ కొనేవాళ్ళు మొదట చూడాల్సింది బుస ఎంత అని కాదు, కింది స్వరాల్ని ముట్టుకోకుండా వదిలేస్తుందా అని. బాస్ బీఎఫ్-3లో గిటార్‌కొకటి, బేస్‌కొకటి వేరువేరు ఇన్‌పుట్‌లు ఉన్నాయి, పైగా అది డిజిటల్. ఎంఎక్స్ఆర్ బేస్ కోరస్ డీలక్స్ పేరుకి కోరస్ కానీ, దాని మీద ఫ్లాంజర్ బటన్ కూడా ఉంది, కింది స్వరాల్ని పక్కన పెట్టే ఎక్స్-ఓవర్ బటన్ ఇంకొకటి. అది అనలాగ్. టీసీ వోర్టెక్స్ డిజిటల్, చిన్నది. మన హాస్టల్ బడ్జెట్ అయితే జూమ్ బీ1 ఫోర్ లాంటి మల్టీ ఎఫెక్ట్స్ చూడండి, ఫ్లాంజర్‌తో పాటు నాయిస్ తగ్గించే బ్లాక్ కూడా అందులోనే వస్తుంది. ఎంఎక్స్ఆర్ పాత పద్ధతి ఫ్లాంజర్, ఎం117ఆర్, పేరున్నదే. కానీ దానికి 18 వోల్టులు కావాలి, మామూలు 9 వోల్టుల అడాప్టర్ పనికిరాదు, అది గుర్తుపెట్టుకుని కొనండి.

స్పెసిఫికేషన్ షీట్‌లో నాయిస్ మైనస్ నంబర్లలో ఉంటుంది. మైనస్ 90 కన్నా మైనస్ 100 మేలు. పక్కన "ఎ వెయిటెడ్" అని ఉంటే కొంచెం అనుమానించండి. మన చెవికి కింది శబ్దాలు తక్కువ వినిపిస్తాయి కాబట్టి ఆ పద్ధతిలో 50 హెర్ట్జ్ దగ్గర దాదాపు 30 డెసిబెల్స్ తగ్గించి లెక్కేస్తారు. బేస్ ఆంప్ పెట్టుకున్నవాడికి ఆ 50 దగ్గరే కదా గొడవంతా.

ఎందుకంటే మన కరెంటు 50 హెర్ట్జ్. ఈ తీగ మీద మూడో ఫ్రెట్ నొక్కితే వచ్చే జి స్వరం 49. రెండూ కలిస్తే సెకనుకోసారి ఊగుతూ వినిపిస్తుంది. మీ గిటార్ శృతి తప్పిందనుకుంటారు. హమ్‌ని ఈక్వలైజర్‌తో కోసేద్దామంటే జి కూడా పోతుంది. అందుకని హమ్‌ని పుట్టకుండానే ఆపాలి. మా చర్చిలో ఆ రోజు ఒకే రెండు పిన్నుల ఎక్స్‌టెన్షన్ బాక్స్ మీద ఆంప్, కీబోర్డు, సీరియల్ సెట్లు, స్టార్ అన్నీ ఉన్నాయి. ఎర్త్ లేదు. తీగల మీద చెయ్యి వేస్తే హమ్ తగ్గి, తీస్తే పెరిగితే ఎర్తింగో, గిటార్ లోపలి షీల్డింగో సరిగ్గా లేదని అనుమానించాలి. హమ్ పోతుందని ఆంప్ ప్లగ్ మూడో పిన్ను విరగ్గొట్టేవాళ్ళు ఉన్నారు. దయచేసి ఆ పని చెయ్యొద్దు, ఆంప్‌లో లీకేజీ వస్తే తీగల ద్వారా షాక్ కొట్టేది మీకే.

సంక్రాంతి సెలవుల్లో మా ఇంట్లో ఫ్యాన్ కూడా ఆపేసి, మావయ్యా నేనూ కూర్చుని ఒక్కొక్కటీ పరీక్షించాం. మొదట గిటార్ వాల్యూమ్ సున్నా చేశాం. బుస తగ్గలేదు. అంటే తప్పు గిటార్‌ది కాదు. తర్వాత అడాప్టర్ తీసి 9 వోల్టుల బ్యాటరీ పెట్టాం. సన్నటి "కీ" అనే కూత ఒకటి మాయమైంది, అప్పటిదాకా అది ఉందని కూడా మాకు తెలీదు. నేను వాడింది చౌక అడాప్టర్. ఇక మిగిలింది బుస. నేను కంప్రెసర్‌ని ఫ్లాంజర్ తర్వాత పెట్టాను. కంప్రెసర్ పని పెద్ద శబ్దాన్ని నొక్కి, చిన్న శబ్దాన్ని ఎత్తడం. వాయించడం ఆపగానే ఇంకేమీ లేదు కాబట్టి బుసనే ఎత్తి చూపించింది. దాన్ని ఫ్లాంజర్‌కి ముందుకి మార్చి, ఫీడ్‌బ్యాక్ సగానికి తగ్గించాం. రూపాయి ఖర్చు లేకుండా చాలా వరకు పోయింది. చివర్లో ట్యూనర్ పెడల్ పెట్టాం, మౌన ప్రార్థన వచ్చినప్పుడు దాన్ని తొక్కితే మొత్తం మ్యూట్. కానీ ఎ తీగ మాయమయ్యే జబ్బుకి మాత్రం మందు లేదు, అది ఆ పెడల్ పుట్టుకలోనే ఉంది. అందుకే మళ్ళీ ట్యూషన్లు మొదలుపెట్టాను.

మీరు షాపుకి వెళ్తే మధ్యాహ్నం ఖాళీగా ఉన్నప్పుడు వెళ్ళండి. మీ గిటారే తీసుకెళ్ళండి. పెడల్ ఆన్ చేసి, అరచేతితో తీగలన్నీ మూసి, అరనిమిషం ఏమీ వాయించకుండా నిలబడండి. షాపు అబ్బాయి వింతగా చూస్తాడు, చూడనివ్వండి. తర్వాత ఎ తీగని వదలకుండా నెమ్మదిగా మోగిస్తూ సుడి ఒక చుట్టు తిరిగేదాకా వినండి, కింది స్వరం ఎక్కడైనా జారిపోతోందా అని. బ్యాటరీతో ఒకసారి, అడాప్టర్‌తో ఒకసారి. ఫోన్‌లో రికార్డ్ చేసుకుని రాత్రి హెడ్‌ఫోన్స్‌లో మళ్ళీ వినండి.

బ్యాటరీతో వాడేవాళ్ళకి ఇంకొక్క మాట. చాలా పెడల్స్‌కి ఇన్‌పుట్ జాకే ఆన్ స్విచ్. లైట్ ఆరింది కదా అని కేబుల్ అలాగే వదిలేసి పడుకుంటే బ్యాటరీ కారిపోతూనే ఉంటుంది. నాకు అలా రెండు పోయాయి.