గల్ఫ్‌కి వెళ్లేవాళ్లూ, సంతకం కంటే ముందు భాష!

పెనుగంచిప్రోలు నుంచో నందిగామ నుంచో ఒక వెల్డరో డ్రైవరో గల్ఫ్‌కి బయల్దేరుతుంటే ఇంట్లోవాళ్లు వీసా గురించి, జీతం గురించి అడుగుతారు. భాష సంగతి మాత్రం "పోయాక అదే వస్తుందిలే" అని వదిలేస్తారు. రావడం నిజమే. కానీ అది వచ్చేలోపే కాంట్రాక్టు మీద సంతకం అయిపోతుంది. అందుకే ఈ పనులు ఇక్కడే చేసుకోండి.

కాగితం: యూఏఈలో 2016 నుంచి ఆఫర్ లెటర్‌ని అరబిక్, ఇంగ్లీషుతో పాటు కార్మికుడికి తెలిసిన మరో భాషలోనూ ఇచ్చే ఏర్పాటు ఉంది. ఆ భాషల్లో హిందీ, తమిళం, మలయాళం ఉన్నాయి, తెలుగు లేదు. కాబట్టి హిందీ ప్రతి అడగండి. దాన్ని ఏజెంటుతో కాకుండా ఊళ్లో హిందీ మాస్టారుతో చదివించుకోండి. మూలవేతనం, పని గంటలు, ఓవర్‌టైమ్ (ఓటీ), తిండి, గది, తిరుగు టికెట్టు, ఈ ఆరూ ఎక్కడ రాశారో వేలు పెట్టి చూపించమనండి. ఫొటో తీసి ఇంటికి పంపండి.

మాట: సైటులో రోజూ నడిచేది ఎక్కువగా హిందీ, ఉర్దూ కలిసిన మాటే. వ్యాకరణం అక్కర్లేదు, మీ పనికి కావలసిన వంద మాటలు చాలు. పనిముట్ల పేర్లు, ఎక్కించు, దించు, ఆపు, జాగ్రత్త అనేవి ముందు నేర్వండి. పెనుగంచిప్రోలు తిరుపతమ్మ తిరునాళ్లకి సెలవు మీద వచ్చిన గల్ఫ్ వాళ్లుంటే వాళ్లనడిగి రాసుకోండి.

అంకెలు: అరబిక్ అంకెల్లో అయిదు మన సున్నాలా ఉంటుంది, సున్నా చుక్కలా ఉంటుంది. ఆరు మనం రాసే 7ను పోలి ఉంటుంది. గడువు తేదీ, ధర, బస్సు నంబరు తప్పు చదవకుండా ఈ పది అంకెలూ ఒక పూట కూర్చుని నేర్చుకోండి.

ఫోన్: గూగుల్ ట్రాన్స్‌లేట్‌లో తెలుగు, అరబిక్, హిందీ ముందే డౌన్‌లోడ్ చేసుకోండి. యాసలో గబగబా చెబితే తప్పు అనువాదం వస్తుంది. పొట్టి వాక్యాలు, పుస్తకాల తెలుగు వాడండి. డబ్బు, జబ్బు, పోలీసు విషయాల్లో మాత్రం యంత్రాన్ని నమ్మకుండా మనిషి సాయం తీసుకోండి.

ఆసుపత్రి: మీ రక్తం గ్రూపు, పడని మందులు, షుగరూ బీపీ ఉంటే వాడే మాత్రల పేర్లు ఇంగ్లీషులో ఒక చీటీ మీద రాయించి పర్సులో పెట్టుకోండి.

సాయం: కేంద్రం నడిపే ప్రవాసీ భారతీయ సహాయతా కేంద్రం టోల్‌ఫ్రీ నంబరు 1800113090. ఇది ఇంట్లోవాళ్ల దగ్గరా ఉండాలి. యూఏఈలో ఉన్నవాళ్లు 80046342కి ఫోన్ చేయవచ్చు. ఫోన్ పోయినా దొరికేలా వీటిని కాగితం మీద కూడా రాసుకోండి.

భాష రాదని పని మానుకోవద్దు. అర్థం కాని కాగితం మీద మాత్రం, ఎవరెంత తొందరపెట్టినా, సంతకం పెట్టొద్దు.