మైక్రోకంట్రోలర్‌కు అక్షరాభ్యాసం

బట్టలు ఉతికే యంత్రం మొదలు విద్యుత్ మీటరు వరకు అనేక పరికరాలను నడిపించే చిన్న చిప్పు మైక్రోకంట్రోలర్. గణన విభాగం, జ్ఞాపకశక్తి రెండూ అందులోనే ఇమిడి ఉంటాయి. ప్రోగ్రాము ఎక్కించనంతవరకు అది అక్షరం రాని శిశువు వంటిది.

1974లో విపణిలోకి వచ్చిన టీఎంఎస్ 1000 వంటి చిప్పులలో ప్రోగ్రామును కర్మాగారంలోనే శాశ్వతంగా ముద్రించేవారు. వేల సంఖ్యలో కొనేవారికే అది గిట్టుబాటయ్యేది. ఒక్క తప్పు దొర్లినా చిప్పులన్నీ వ్యర్థమే. 1976 నాటి ఇంటెల్ 8748లో అతినీలలోహిత కాంతితో చెరిపి తిరిగి వ్రాసే వీలు కలిగింది. 1990వ దశకంలో విద్యుత్తుతోనే చెరపగల ఫ్లాష్ మెమరీ వ్యాప్తిలోకి రాగా, సొంత నమూనాతో యాభై బోర్డులు చేయించుకునే చిన్న సంస్థకు సైతం ఈ రంగంలో చోటు దొరికింది.

నేడు చిప్పును బోర్డుపై అతికించిన తరువాతనే ప్రోగ్రాము ఎక్కించవచ్చు. ఏట్‌మెగా328పి చిప్పుకు ఆరు తీగలు చాలు. స్ప్రింగు సూదులు అమర్చిన దిమ్మెపై బోర్డును నొక్కి ఉంచితే, 32 కిలోబైట్ల జ్ఞాపకశక్తి కొద్దిసేపటిలోనే నిండుతుంది. పిదప దానిని తిరిగి చదివి మూలంతో సరిచూడాలి.

'ఫ్యూజులు' అనే అమరికల విషయంలో మరింత జాగరూకత అవసరం. రీసెట్ పిన్నును రద్దుచేసే ఫ్యూజు పొరపాటున మారితే ఆ ఆరు తీగల మార్గం మూసుకుపోతుంది. 12 వోల్టులతో పనిచేసే ప్రత్యేక ప్రోగ్రామర్ లేనిదే అది తెరుచుకోదు. అందుకు చిప్పును బోర్డు నుండి ఊడదీయవలసి రావచ్చు.

కనుకనే అనుభవజ్ఞులు మొదట ఒక్క బోర్డును సిద్ధపరచి, క్షుణ్ణంగా పరీక్షించి, ఆ పిమ్మటే తక్కినవాటిని చేపడతారు. యాభై బోర్డులు చేసేవానికి ఐదు చెడితే పదింట ఒక వంతు శ్రమ వృథా అయినట్లే. స్వల్ప ఉత్పత్తికి సరిచూసే అలవాటే పెట్టుబడి.