పింగ్ వస్తోంది, పీరింగ్ నిలవడం లేదు

సందేహం: ఇంటి నుంచే పనిచేస్తున్నాను. మా కంపెనీకి హైదరాబాద్‌లో 2 నోడ్ల నెట్‌యాప్ క్లస్టర్, ముంబైలో 4 నోడ్లది ఉన్నాయి. రెండింటికీ పీరింగ్ చేశాను. పింగ్ వస్తోంది కానీ స్టేటస్ 'పార్షియల్' అని చూపిస్తోంది. ఎందుకండీ?
- ఒక పాఠకుడు, కోహీర్

సమాధానం: పింగ్ ఏ నోడు నుంచి ఏ అడ్రసుకు కొట్టారో మీరు రాయలేదు. చిక్కు సాధారణంగా అక్కడే ఉంటుంది. నెట్‌యాప్ సాఫ్ట్‌వేర్ ఆన్‌టాప్‌లో ఇటువైపున్న ప్రతి ఇంటర్‌క్లస్టర్ లిఫ్ (లాజికల్ ఇంటర్‌ఫేస్) అటువైపున్న ప్రతి లిఫ్‌నూ అందుకోవాలి. నోడుకు ఒకటి చొప్పున వేసుకున్నా మీకు 8 దారులు. వాటిలో ఒక్కటి మూసుకుపోయినా పీరింగ్ నిలకడగా ఉండదు. 'క్లస్టర్ పీర్ పింగ్' కమాండ్ ఇవ్వండి, తెగిన దారి ఏదో తెలుస్తుంది.

తర్వాత ఫైర్‌వాల్ చూసేవారిని అడగండి. టీసీపీ 11104, 11105 పోర్టులు రెండు దిక్కులా తెరిచారా? ఒకవైపు తెరిచి పనైపోయిందనుకోవడం మామూలే. కొత్తగా చేర్చిన నోడు అడ్రసు రూల్‌లోకి ఎక్కకపోవడమూ అంతే.

దారులన్నీ బాగానే ఉంటే ఎంటీయూ (ప్యాకెట్ గరిష్ఠ సైజు) మీద అనుమానపడండి. స్టోరేజి వైపు 9000 పెట్టి, మధ్యలోని లింకు 1500 దాటనివ్వకపోతే చిన్న పింగ్ హాయిగా పోతుంది, అసలు డేటా కదలగానే ఆగిపోతుంది. ప్యాకెట్ సైజు పెంచి, ముక్కలు కానివ్వకుండా పింగ్ కొట్టి చూడండి. రెండు క్లస్టర్ల గడియారాల మధ్య తేడా 300 సెకన్లు మించకూడదు. ఎన్‌టీపీ సరిచూసుకోండి.

సందేహం: ముంబై నుంచి సహోద్యోగి పొద్దున పంపిన పీరింగ్ పాస్‌ఫ్రేజ్ సాయంత్రం వేస్తే తీసుకోలేదు.
- జహీరాబాద్ పాఠకురాలు

సమాధానం: గడువు తీరింది. మనం మార్చకపోతే అది గంటసేపే చెల్లుతుంది. ఇద్దరూ ఫోన్‌లో ఉండి ఒకేసారి పని ముగించండి. దాన్ని వాట్సాప్ గ్రూపులో మాత్రం పెట్టకండి.

సందేహం: పీరింగ్ అయింది కాబట్టి ముంబైలో మాకు బ్యాకప్ ఉన్నట్టేనా?
- సంగారెడ్డి పాఠకుడు

సమాధానం: లేదండీ. పీరింగ్ రెండు క్లస్టర్లకు పరిచయం మాత్రమే. ఒక్క ఫైలు కూడా కదలదు. ఆపైన ఎస్‌వీఎంలకు (స్టోరేజి వర్చువల్ మెషీన్లకు) పీరింగ్ చేసి, వాల్యూమ్‌కు డేటాను అటు కాపీచేసే స్నాప్‌మిర్రర్ కట్టాలి. రెండుచోట్లా ఎస్‌వీఎంకు ఒకే పేరు ఉంటే మారుపేరు ఇవ్వాల్సి వస్తుంది.

స్నాప్‌మిర్రర్‌ను సింక్రనస్‌గా పెట్టుకుందామని చాలామంది ఉబలాటపడతారు. దానికి రానూపోనూ ఆలస్యం 10 మిల్లీసెకన్లు దాటకూడదు. ఫైబర్‌లో కాంతి సెకనుకు సుమారు 2 లక్షల కిలోమీటర్లు పోతుంది. కేబుల్ 700 కిలోమీటర్లు ఉందనుకున్నా దూరానికే 7 మిల్లీసెకన్లు పోతాయి. స్విచ్‌లకు, రద్దీకి మిగిలేది 3. హైదరాబాద్-ముంబై మధ్య అసింక్రనస్సే మేలని నా అభిప్రాయం.

ఇక్కడ పొరపాటున చెరిపేసింది తర్వాతి అప్‌డేట్‌తో మిర్రర్‌లోనూ చెరిగిపోతుంది. అందుకే పాత స్నాప్‌షాట్‌లను అక్కడ ఎక్కువ రోజులు దాచే వాల్ట్ పాలసీ పెట్టండి. ముంబై కాపీ మీద ఫ్లెక్స్‌క్లోన్ తీస్తే మిర్రర్ తెగకుండానే మీ అప్లికేషన్‌ను నడిపి చూడొచ్చు. అలా ఒకసారి తెరిచి చూసేదాకా అది బ్యాకప్ అని మేనేజర్‌కు రాసివ్వకండి.