వార్త మనది, వివరాలు వాళ్లవి

ఫీల్డ్‌లో, ఆ తర్వాత డెస్క్‌లో పనిచేసి రిటైరయ్యాను. విలేకరులుగా కొత్తగా చేరుతున్న పిల్లలకు ఈ మాటలు చెప్పాలనిపించింది.

1. బాధితురాలి పేరు తీసేస్తే చాలదు. జిల్లా పేజీ చదివేది ఆ ఊరివాళ్లే. ఊరి పేరు, తండ్రి చేసే పని, చదివే తరగతి అన్నీ వేసి, పేరు బదులు 'బాలిక' అని రాస్తే ఏం లాభం? మనం ఊరు వేస్తాం, ఇంకో పత్రిక తండ్రి పని వేస్తుంది. రెండూ చదివినవాడికి ఇల్లు తెలిసిపోతుంది. అత్యాచార బాధితురాలు చనిపోయినా సరే, ఆమెను పోల్చుకునే వివరమేదీ బయటపెట్టకూడదని నిపుణ్ సక్సేనా కేసులో 2018లోనే సుప్రీంకోర్టు చెప్పింది. అదే ఏడాది కఠువాలో అత్యాచారానికి, హత్యకు బలైన చిన్నారి వివరాలు వెల్లడించిన మీడియా సంస్థలకు ఢిల్లీ హైకోర్టు తలా 10 లక్షలు కట్టమంది. అయినా 2019 నవంబరులో హైదరాబాద్ శివార్లలో ఒక యువతిపై అత్యాచారం, హత్య జరిగినప్పుడు, ఆ అమ్మాయి పేరూ ఫొటో దేశమంతా తిరిగాక గానీ 'దిశ' అనే మారుపేరు రాలేదు. ఇలాంటి వార్త పేజీలోకి వెళ్లే ముందు కంట్రిబ్యూటర్‌కు ఫోన్ చేసి ఒక్కటే అడగండి: "ఇది చదివితే మీ ఊళ్లో పోల్చుకుంటారా?"

2. ఫొటో మీకు తెలియకుండానే అడ్రస్ చెబుతుంది. 2012 డిసెంబరులో పరారీలో ఉన్న యాంటీవైరస్ సంస్థ వ్యవస్థాపకుడు జాన్ మెకాఫీ ఫొటోను వైస్ పత్రిక వేస్తే, అందులో మిగిలిపోయిన జీపీఎస్ వివరాల వల్ల ఆయన గ్వాటెమాలాలో ఉన్నాడని లోకానికి తెలిసింది. కెమెరాలో లొకేషన్ ఆపేయండి. ముఖం మసకచేసి ఊరుకోకండి, వెనక కనిపించే బండి నంబరు, స్కూలు యూనిఫాం కూడా చూడండి.

3. అక్కర్లేని కాగితం తీసుకోవద్దు. చిట్టీల్లో మోసపోయినవాళ్లు ఆధార్, పాస్‌బుక్కు పట్టుకుని మన దగ్గరకు వస్తారు. వాటిని ఫొటో తీసి కంట్రిబ్యూటర్లంతా ఉన్న వాట్సాప్ గ్రూపులో పడేయడం చాలాచోట్ల అలవాటైపోయింది. ఆ ఫొటో అందరి గ్యాలరీల్లోకీ చేరుతుంది, గ్రూపు వదిలి వెళ్లినవాడి ఫోన్‌లోనూ ఉండిపోతుంది. ఒకసారి మోసపోయినవాళ్లను మళ్లీ మోసగాళ్ల చేతికి అప్పగించడమే ఇది. కళ్లతో చూసి, కావలసింది రాసుకుని, కాగితం అక్కడే తిరిగిచ్చేయండి.

4. సోర్స్ పేరు, హోదా ఫోన్‌లో సేవ్ చేయకండి. పోలీసులు ఫోన్ తీసుకుంటే మీ మౌనం ఆ మనిషిని కాపాడలేదు. సోర్స్ పేరు చెప్పనక్కర్లేదన్న రక్షణ 1978 నాటి ప్రెస్ కౌన్సిల్ చట్టంలో ఉంది గానీ, అది కౌన్సిల్ ముందు జరిగే విచారణకే.

5. డిజిటల్ వ్యక్తిగత డేటా రక్షణ చట్టం 2023లో వచ్చింది. 2018, 2019 ముసాయిదాల్లో పాత్రికేయులకు ఉన్న మినహాయింపును తుది చట్టంలో తీసేశారు. జరిమానా 250 కోట్ల దాకా ఉంది. సమాచార హక్కు చట్టంలో వ్యక్తిగత సమాచారం ఇవ్వడం గురించి చెప్పే 8(1)(జె)ని కూడా ఇదే చట్టం మార్చింది. ఈ రెండు మార్పులూ అన్యాయమే, వీటిమీద పోరాడాల్సిందే. కానీ అధికారి అవినీతిని రాసే హక్కు కోసం పోరాడేవాళ్లం, అర్జీదారు ఆధార్ కార్డును గ్రూపులో పెడితే మన మాట ఎవరు వింటారు?

6. అరెస్టు వార్త వేస్తాం, కేసు కొట్టేసిన సంగతి వేయం. ఏళ్ల తర్వాత కూడా పేరు వెతికితే వెబ్‌సైట్‌లో ఆ అరెస్టే కనిపిస్తుంది. ఉద్యోగాలు, పెళ్లి సంబంధాలు అక్కడే ఆగిపోతాయి. పాత వార్తను చెరిపేయమని నేననను. ఆ మనిషి తీర్పు కాపీ తెస్తే మాత్రం ఆ సంగతి అదే రోజు పాత వార్త పైభాగాన చేర్చండి. ఈ పని ఎవరు చూడాలో చాలా ఆఫీసుల్లో ఎవరికీ తెలియదు. వెబ్ డెస్క్‌లో ఒకరికి అప్పగించి, ఆఫీసు నంబరు సైట్‌లో వేయండి.