సర్పగంధ నేర్పిన పాఠం

ప్రకృతిసిద్ధమైన ద్రవ్యాలు రోగాలను ఉపశమింపజేస్తాయని మనకు తరతరాలుగా తెలుసు. శరీరం పనిచేసే తీరును తెలుసుకోవడానికి కూడా అవి సాధనాలు కాగలవు. ఇందుకు చక్కని ఉదాహరణ సర్పగంధ.

అడవులలో నీడపట్టున పెరిగే ఈ చిన్న మొక్క వేళ్లను మతిభ్రమణానికీ, నిద్రలేమికీ మన దేశంలో పూర్వం నుంచీ వాడేవారు. వాటిపై ఆధునిక పరిశోధన పలు ప్రాంతాలవారి కృషితో సాగింది. హకీం అజ్మల్ ఖాన్ ప్రోత్సాహంతో ఢిల్లీలో పరిశోధన చేపట్టిన సలీముజ్జమాన్ సిద్దీఖీ, 1931లో ఈ వేళ్ల నుండి రాబట్టిన ఒక ఆల్కలాయిడ్‌కు ఆయన పేరిట అజ్మలైన్ అని నామకరణం చేశారు. అదే సంవత్సరం కలకత్తా వైద్యులు గణనాథ్ సేన్, కార్తిక్ చంద్ర బోస్‌లు మనోవ్యాధులలోనూ, అధిక రక్తపోటులోనూ ఈ వేళ్ల గుణాన్ని వెల్లడించారు. 1949లో బొంబాయి వైద్యుడు రుస్తుం జాల్ వకీల్ రక్తపోటు రోగులలో తాను గమనించిన ఫలితాలను ఒక బ్రిటిష్ వైద్య పత్రికలో ప్రకటించగా ప్రపంచం దృష్టి ఇటు మళ్లింది. 1952లో స్విట్జర్లాండ్ శాస్త్రజ్ఞులు ఇందులోని రెసెర్పిన్‌ను వేరుచేశారు.

రెసెర్పిన్ వాడినవారిలో కొందరికి తీవ్రమైన మనోవ్యాకులత కలిగినట్లు వైద్యులు గమనించారు. మెరుగైన మందులు రావడంతో క్రమంగా దాని వాడకం తగ్గింది. అయితే పరిశోధనా సాధనంగా అది చేసిన మేలు శాశ్వతమైనది.

నాడీకణాలు సందేశాలను అందించే రసాయనాలను సూక్ష్మమైన తిత్తులలో నిల్వ చేసుకుంటాయి. రెసెర్పిన్ ఈ నిల్వకు అడ్డుపడుతుంది. తిత్తులు ఖాళీ అవుతాయి. 1957లో స్వీడన్ శాస్త్రజ్ఞుడు ఆర్విడ్ కార్ల్‌సన్ కుందేళ్లకు రెసెర్పిన్ ఇవ్వగా అవి కదలిక లేక పడిపోయాయి. శరీరంలో డోపమిన్‌గా మారే ఎల్-డోపాను ఇచ్చిన కొద్దిసేపటికే అవి తిరిగి లేచి తిరిగాయి. శరీర చలనానికి డోపమిన్ ఎంత అవసరమో ఈ ప్రయోగం వల్ల బోధపడింది. వణుకుతో, బిగుసుకుపోయే అవయవాలతో బాధపడే పార్కిన్సన్ రోగులకు నేటికీ ప్రధానమైన మందు ఎల్-డోపాయే. ఈ కృషికి కార్ల్‌సన్ 2000లో నోబెల్ బహుమతిని పంచుకున్నారు.

సర్పగంధలో విలువైన భాగం వేరు. దానికోసం మొక్కనే పెకలించవలసి వస్తుంది. విచక్షణ లేని సేకరణ వల్ల అడవులలో ఈ మొక్క అరుదైపోయింది; దీని ఎగుమతి దిగుమతులు నేడు అంతర్జాతీయ ఒప్పందం కింద నియంత్రణలో ఉన్నాయి. పొలాలలో సాగుచేయడమూ, అడవిలో మిగిలినవాటిని కాపాడడమూ మన కర్తవ్యాలు. ఒక మొక్క అంతరిస్తే, దాని ద్వారా తెలియవలసిన విషయాలు కూడా మనకు అందకుండా పోతాయి.