బోర్డు చెరగని బస్సు

ఒక ఊళ్లో అత్తా కోడలూ చెక్క బొమ్మలు చేస్తారు. మామ చెక్క కోసి ఇస్తాడు. అత్త రంగులు వేస్తుంది. కోడలు రాత్రి బడికి పోయి చదువు నేర్చుకుంది. అందుకని బొమ్మ మీద అక్షరాలు అంటించే పని ఆమెది.

వాళ్లు చేసేది బస్సు బొమ్మ. అసలు బస్సు 11 మీటర్ల పొడవు ఉందనుకుందాం. బొమ్మ పొడవు 22 సెంటీమీటర్లు. అంటే అసలు బస్సులో 50వ వంతు. దీన్ని నమూనా బొమ్మ అంటారు. షోకేసులో పెట్టుకునే బొమ్మ ఇది. చిన్న పిల్లలు ఆడుకునే బొమ్మ కాదు.

బస్సు ముందు ఊరి పేరు ఉండాలి. లోపల సీటు పైన "స్త్రీలకు" అని ఉండాలి. అంత చిన్న అక్షరాలు చేత్తో రాయడం కష్టం. అందుకని పట్నంలో కంప్యూటరు షాపులో ఒక రకం కాగితం మీద అచ్చు వేయిస్తారు. ఆ కాగితాన్ని నీళ్లలో నానబెడితే, అక్షరాలున్న పలచని పొర జారి వస్తుంది. ఆ పొరను బొమ్మ మీద అంటిస్తారు. దీని పేరు డెకాల్. ఊళ్లో అందరూ నీళ్ల స్టిక్కరు అంటారు.

బస్సులు తిరిగొచ్చాయి

ఒకసారి పట్నం షాపుకు 20 బస్సులు పంపారు. నెల తిరగకుండా 20 బస్సులూ వెనక్కి వచ్చాయి. షాపులో కుర్రాడు రోజూ తడిగుడ్డతో దుమ్ము తుడిచాడట. పొర అంచులు లేచిపోయాయి. అక్షరాలు సగం సగం ఊడిపోయాయి.

"బోర్డు లేని బస్సు ఎవరు ఎక్కుతారమ్మా?" అన్నాడు షాపాయన.

కోడలికి ఏడుపొచ్చింది. రాత్రి బడిలో ఆమె మొదట చదివిన మాట బస్సు బోర్డే. అంతకు ముందు బస్సు ఎక్కాలంటే పక్కవాళ్లను అడిగేది. ఇప్పుడు తాను అంటించిన బోర్డునే ఎవరూ చదవలేకపోతున్నారు.

అత్త బస్సును తిప్పి తిప్పి చూసింది. "ఏడవకే అమ్మాయ్. ఆవకాయ మీద నూనె ఎందుకు తేలాలి? పైన నూనె ఉంటేనే ముక్క పాడవకుండా ఉంటుంది. నీ అక్షరాల మీద నూనె లేదు" అంది.

"నిజమే అత్తా! పైన ఏదో ఒక పూత ఉండాలి. రంగు లేని పూత ఉండాలి" అంది కోడలు.

మందంగా వేస్తే ఏమైంది?

కోడలు పట్నం నుంచి రంగు లేని వార్నిష్ స్ప్రే డబ్బా తెచ్చింది. దీన్ని క్లియర్ కోట్ అంటారు. అది గాజులాగా ఉంటుంది. కింద ఉన్న అక్షరం కనబడుతుంది. తడి, చెమట, రాపిడి అక్షరం దాకా పోవు.

గట్టిగా ఉండాలని ఆమె ఒకేసారి మందంగా కొట్టింది. కాసేపటికి అక్షరాల పొర ముడతలు పడింది. వార్నిష్‌లో ఘాటైన ద్రవం ఉంటుంది. ఎక్కువగా పడితే అది పలచని పొరను తినేస్తుంది.

అత్త నవ్వింది. "ఇల్లు అలికేటప్పుడు ఒకేసారి మందంగా అలుకుతామా? బీటలు వేస్తుంది. ఒకటి ఆరాక ఇంకోటి. ఇదీ అంతేనేమో! డబ్బా మీద ఏం రాశారో చదువు."

కోడలు కూడబలుక్కుంటూ చదివింది. పలచగా కొట్టాలి. ఆరాక మళ్లీ కొట్టాలి. నిప్పుకు దూరంగా ఉంచాలి. చదవకుండా కొట్టినందుకు తన మీద తనకే కోపం వచ్చింది.

సరైన పద్ధతి

1. బస్సుకు వేసిన రంగు పూర్తిగా ఆరాలి. పైన ఒకసారి మెరుపు వార్నిష్ వేసి ఆరనివ్వాలి. నున్నగా ఉంటేనే పొర అతుక్కుంటుంది. గరుకుగా ఉంటే పొర కింద గాలి నిలిచి తెల్ల మచ్చలు కనబడతాయి.

2. అక్షరాల కాగితాన్ని అంచుల దగ్గరగా కత్తిరించాలి. గోరువెచ్చని నీళ్లలో అర నిమిషం ముంచి తీయాలి. పొర దానంతట అది కదిలే దాకా ఆగాలి. బలవంతంగా లాగితే చిరుగుతుంది.

3. పొరను బస్సు మీదికి జార్చి సరిచూసుకోవాలి. మెత్తని గుడ్డతో మధ్య నుంచి అంచులకు అద్దాలి. నీళ్లు, గాలి బయటికి పోతాయి.

4. ఒక రోజంతా ఆరనివ్వాలి. లోపల తడి ఉండగా వార్నిష్ వేయకూడదు.

5. డబ్బాను బాగా ఊపాలి. జానెడు దూరం నుంచి చెయ్యి ఆపకుండా కదుపుతూ కొట్టాలి. మొదటి పూత మంచు కురిసినట్టు ఉండాలి. ఆరాక రెండోది, ఆ తర్వాత మూడోది వేయాలి.

కొన్ని ప్రింటర్ల సిరా నీళ్లు తగిలితే కరిగిపోతుంది. అలాంటి కాగితానికి నీళ్లలో ముంచక ముందే పలచగా వార్నిష్ పూత వేసి ఆరబెట్టాలి.

కొన్ని వార్నిష్‌లు కొన్ని రంగులకు పడవు. ముందు ఒక పాడైన బొమ్మ మీద వేసి చూసుకోవడం మంచిది.

జాగ్రత్తలు

వాన రోజుల్లో వార్నిష్ వేయకూడదు. గాలిలో తడి చేరి పూత పాలలాగా తెల్లబడుతుంది. వార్నిష్ ఘాటు ఊపిరికి మంచిది కాదు. మూతికి గుడ్డ కట్టుకుంటే చాలదు. గాలి ఆడే చోట, ఆరుబయట వేయాలి. గర్భిణులు, పిల్లలు దగ్గర ఉండకూడదు. పొయ్యి, బీడీ దగ్గరికి రానివ్వకూడదు. ఖాళీ డబ్బానైనా మంటలో వేయకూడదు. పేలుతుంది.

ఇంకో సంగతి. వార్నిష్ వేసినా బొమ్మను ఎండలో పెడితే రంగు వెలుస్తుంది. కొనేవాళ్లకు ఆ మాట చెప్పాలి.

పాత విద్యే

పైపూత మనకు కొత్త కాదు. అనకాపల్లి జిల్లా ఏటికొప్పాకలో అంకుడు కర్రతో లక్క బొమ్మలు చేస్తారు. లక్కను ఒక చిన్న పురుగు ఇస్తుంది. తిరుగుతున్న కర్రకు రంగు లక్కను నొక్కితే, రాపిడి వేడికి లక్క కరిగి కర్రకు పట్టుకుంటుంది. అక్కడ రంగూ అదే, కాపుదలా అదే. ఆ బొమ్మలకు 2017లో భౌగోళిక గుర్తింపు వచ్చింది.

మళ్లీ పట్నానికి

అత్తా కోడలూ 20 బస్సులనూ బాగుచేశారు. పంపే ముందు ఒక బస్సును కోడలు తడిగుడ్డతో గట్టిగా తుడిచింది. అక్షరం కదలలేదు.

అత్త బస్సును చేతిలోకి తీసుకుంది. బోర్డు మీద వేలు పెట్టి, "ఇదేం అక్షరమే?" అని అడిగింది.

"ఏ" అంది కోడలు.

"దీని పక్కది?"

"లూ."

"మూడోది నేను చెబుతా. రు!" అంది అత్త. "ఏలూరు బస్సు."

మర్నాటి నుంచి రాత్రి బడికి ఇద్దరూ పోతున్నారు.

ఆలోచించండి, చెప్పండి

1. ఒక బస్సు ధర 150 రూపాయలు. 20 బస్సులు తిరిగొస్తే ఎంత సొమ్ము ఆగిపోయింది?
2. మొదటిసారి వార్నిష్ వేసినప్పుడు అక్షరాలు ఎందుకు ముడతలు పడ్డాయి?
3. అత్తకు తెలిసింది ఏమిటి? కోడలికి తెలిసింది ఏమిటి? రెండూ ఎలా పనికొచ్చాయి?
4. మీ ఇంట్లో ఉన్న ఒక డబ్బా తీయండి. దాని మీద రాసిన జాగ్రత్తలు చదవండి. పక్కవాళ్లకు చెప్పండి.